మాట అందించే మనిషి

కాశీవిశ్వనాథం గారింటికి చుట్టాలొచ్చినప్పుడు చూడాలి ఆ తమాషా. వచ్చినవాళ్ళు "ఏమ్మా కౌసల్యా, బాగున్నావా?" అని పిల్లను పలకరిస్తారు. పిల్ల నోరు తెరిచేలోపే పక్కనుంచి తండ్రి మెల్లగా, రాగం లేకుండా, "బాగున్నానండీ, మీరు బాగున్నారా" అంటాడు. పిల్ల అదే మాట తిరిగి అంటుంది. "ఏం చదువుతున్నావు?" అని అడిగితే "బి.ఏ. ఆఖరి సంవత్సరమండీ" అని ముందు తండ్రి, వెనక పిల్ల. చుట్టాలు నవ్వుకుంటూ కాఫీలు తాగి వెళ్ళిపోయేవారు. పిల్ల మహా సిగ్గరి, నోట్లో నాలుక లేదు అని గుమ్మం దాటాక అనుకునేవారు. నాలుక ఉంది. దాన్ని ఆడించే పని మాత్రం తండ్రి పుచ్చుకున్నాడు. ఆ సంగతి ఆయన మొహాన ఒక్కరూ అనలేదు, ఎందుకంటే కాశీవిశ్వనాథం మంచివాడు. మంచివాళ్ళు చేసే చెరుపును చెరుపు అనడానికి మనకు నోరు రాదు.

ఆయన వృత్తే అది. సినిమాల్లో ప్రాంప్టర్. బొంబాయి నుంచి దిగే హీరోయిన్లకు తెలుగు ఒక్క ముక్క రాదు కదా. కెమెరా పక్కన, లైటు స్టాండు నీడలో నిలబడి ఆయన డైలాగును ముక్కలు ముక్కలుగా అందిస్తుంటే, వాళ్ళు విని పెదవులు కదుపుతారు. గొంతు తర్వాత ఇంకెవరో ఇస్తారు. గుడివాడలో నాటకాల తెర పక్కన మొదలుపెట్టిన పని. మద్రాసులో పదిహేనేళ్ళు అదే చేసి, సినిమా హైదరాబాదుకు తరలి వస్తుంటే ఆయనా పెట్టేబేడా సర్దుకుని వచ్చేశాడు. ఫిలింనగర్ గుట్ట దిగువన, షేక్‌పేట వైపు, రాజమ్మ అనే ఆవిడ ఇంట్లో రెండు గదుల వాటాలో చేరాడు.

పని గురించి ఆయనకు కొన్ని పట్టింపులున్నాయి. ప్రాంప్టర్ కనిపించకూడదు, వినిపించాలి. మాటలో భావం పెట్టకూడదు. "మనం ఏడుస్తూ అందిస్తే ఆ పిల్ల మన ఏడుపు ఏడుస్తుంది, తన ఏడుపు ఏడవదు" అనేవాడు. అన్నిటికన్నా ముఖ్యం, ఆర్టిస్టు ఆగిందంటే రెండో సెకను దాటకుండా మాట అందాలి. ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన చెవికి మౌనం అంటే గిట్టదు. ఎవరు మాట్లాడుతూ ఆగినా ఆయన ప్రాణం కొట్టుకునేది. బజార్లో బేరమాడుతూ ఆగిన పరాయి మనిషికి కూడా మాట అందించేవాడు.

పిల్ల దగ్గర ఈ అలవాటు మొదలైంది ప్రేమతోనే. లేక లేక పుట్టిన కౌసల్యకు మూడేళ్ళు నిండినా మాట రాలేదు. భార్య అమ్మాజీ మొక్కని దేవుడు లేడు. ఆయన మాత్రం షూటింగునుంచి రాగానే పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కొక్క అక్షరమే అందించేవాడు. నాలుగో ఏట పిల్ల పలికింది. ఆ రోజు ఆయన ఇంటిల్లిపాదికీ వినపడేలా ఏడ్చాడట. పని అయిపోయింది, ఇక ఆపవచ్చు అని మాత్రం ఆయనకు తోచలేదు. పదిహేడేళ్ళయినా తోచలేదు.

తొంభై ఒకటిలో కౌసల్య విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. హిస్టరీ మొదటి సంవత్సరంలో చేరింది. మార్కులున్నాయి కాబట్టి సీటొచ్చింది. చేరిన రోజు ఫారాలు, సంతకాలు, గుమాస్తాలతో మాటలు, అన్నీ తండ్రే చూసుకున్నాడు. మర్నాటి నుంచి ఆయనకు షూటింగు. కౌసల్య పొద్దున్నే బస్సెక్కి, మెహిదీపట్నంలో ఇంకో బస్సు మారి, ఒక్కతే క్లాసుకు వచ్చి కూర్చుంది.

మొత్తం పద్దెనిమిది మంది. మొదటి గంటలో ప్రొఫెసర్ వీరరాఘవయ్య గారు ఎవరికి వారు పరిచయం చేసుకోమన్నారు. తన వంతు రాగానే కౌసల్య లేచి, పేరు చెప్పి, అలవాటు కొద్దీ పక్కకు చూసింది. పక్కన కిటికీ ఉంది. ఎవరూ లేరు. ఊరి పేరు చెప్పాలి, చదివిన కాలేజీ చెప్పాలి. అన్నీ తెలుసు. ఏదీ పైకి రాలేదు. గోడ గడియారం చప్పుడు వినపడేంత సేపు నిలబడి కూర్చుంది. వెనక బెంచీలో ప్రభాకర్ అనే నిజామాబాద్ కుర్రాడు "మేడం మౌనవ్రతంల ఉన్నట్టున్నది సార్" అన్నాడు. అందరూ నవ్వారు. వీరరాఘవయ్య గారు కూడా కొంచెం నవ్వారు.

ఆమెది ఫిలింనగర్ అని తెలిశాక వారం రోజులు చుట్టూ మూగారు. షూటింగు చూపిస్తావా, ఫలానా హీరోని చూశావా అని అడిగారు. ఏది అడిగినా చిన్న నవ్వు తప్ప జవాబు రాకపోయేసరికి విసుగొచ్చి వదిలేశారు. పొగరనుకున్నారు కొందరు. సిగ్గరికీ పొగరుబోతుకూ తేడా దూరంనుంచి కనపడదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమ్మ సంగతేమో గానీ, విశ్వవిద్యాలయం మాత్రం చచ్చినా పెట్టదు. లైబ్రరీ కార్డు అందరికీ మొదటి వారంలో వస్తే కౌసల్యకు ఏడో వారంలో వచ్చింది. కౌంటరు దగ్గర గుమాస్తా తలెత్తి "ఏం కావాలి?" అంటే పక్కకు జరిగి వెనకవాళ్ళకు దారి ఇచ్చేది. క్యాంటీన్లో మనుషుల మీదనుంచి కేక వేస్తేనే టోకెను. ఆమె కేక వేయలేదు కనుక రెండు నెలలు మధ్యాహ్నం నీళ్ళు తాగి ఊరుకుంది. ఇంట్లో అమ్మ క్యారియరు కట్టిస్తానంటే, క్యాంటీన్లో బాగుంటుందని అందరికీ చెప్పేశాడు తండ్రి, ఆమె తరఫున.

ఆకలి కనిపెట్టింది మంజులత. జగిత్యాల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల. ఒకనాడు టోకెను వరస పక్కన నిలబడ్డ కౌసల్యను చెయ్యి పట్టి లాక్కుపోయి, తన పళ్ళెంలో సగం అన్నం ఇచ్చింది.

"నువ్వు మాట్లాడకున్నా మంచిదేగని, తినకుంటె ఎట్ల? జర తిను ముందుగాల" అంది.

మంజులత మాట అందించే రకం కాదు. ఒక ప్రశ్న వేసి అన్నం కలుపుకుంటూ కూర్చునేది. జవాబు ఐదు నిమిషాలకు వచ్చినా ఫరవాలేదన్నట్టు ఉండేది. అలా వారం, పది రోజులు గడిచాక కౌసల్య నోటినుంచి మాటలు వాటంతటవే రావడం మొదలుపెట్టాయి. మొదటిసారి నాలుగు వాక్యాలు వరసగా చెప్పి, తన గొంతు ఇలా ఉంటుందా అని ఆమే తెల్లబోయింది.

కానీ క్లాసంటే మంజులత పళ్ళెం కాదు. వీరరాఘవయ్య గారికి ఒక నియమం ఉంది. ప్రతి విద్యార్థీ ఒక సెమినార్ ఇవ్వాలి. కాగితం చూడకుండా, క్లాసు ముందు నిలబడి, ఇరవై నిమిషాలు తెలుగులో మాట్లాడాలి. ఇవ్వనివాళ్ళ హాల్ టికెట్ మీద ఆయన సంతకం పెట్టరు. సంతకం లేకపోతే పరీక్ష లేదు, సంవత్సరం పోయినట్టే. కౌసల్యకు వచ్చిన అంశం పందొమ్మిది వందల ఎనిమిది నాటి మూసీ వరదలు. డిసెంబరులో నిలబడి ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది. జనవరిలో రెండు వాక్యాలు చెప్పి, మూడోదాని కోసం కిటికీ వైపు చూసి కూర్చుంది. ప్రభాకర్ కూడా ఈసారి నవ్వలేదు. జాలిపడ్డాడు. అది నవ్వుకన్నా ఘోరంగా ఉంది.

"మార్చిలో ఇంకొక్క చాన్స్ ఇస్తానమ్మా. అదే లాస్ట్. రూల్ అందరికీ ఒకటే కదా" అన్నారు ప్రొఫెసర్ గారు.

సంవత్సరం పోతే ఏమవుతుందో కౌసల్యకు బాగా తెలుసు. ఇంకో ఏడు చదవడం కాదు. ఆ రెండు గదుల వాటాలో, తండ్రి గొంతు పక్కన, తనకు వచ్చిన నాలుగు సొంత మాటలూ ఇంకిపోతాయి. ఆ భయం ఆమెకు పరీక్ష భయం కన్నా పెద్దది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అమ్మాజీ అన్నం క్యారియరు ఇచ్చి, జూబ్లీహిల్స్‌లో షూటింగు దగ్గర నాన్నకు ఇచ్చి రమ్మంది. ఆయనకు కడుపులో మంట, కంపెనీ భోజనం పడటం లేదు. బండలు పగలగొట్టి వేసిన కొత్త రోడ్డు ఎక్కి, సున్నం వాసన పోని ఒక మేడకు వెళ్ళింది కౌసల్య. హాల్లో షాటు జరుగుతోంది. గోడ వారగా నిలబడింది.

హీరోయిన్ తండ్రి శవం ముందు కూర్చుని ఏడవాలి. తెల్లచీర కట్టుకుని ఉంది. కెమెరా పక్కన, చెక్కపెట్టె మీద కూర్చుని కాశీవిశ్వనాథం "నన్నొదిలి" అన్నాడు, కూరగాయల పేర్లు చదివినట్టు. "నన్నొదిలి" అని ఆ పిల్ల గుండె బాదుకుంది. "ఎక్కడికి వెళ్ళావు" అన్నాడు. ఆ పిల్ల వెక్కివెక్కి అంది. "నాకింకెవరున్నారు" అన్నాడు. కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారాయి. డైరెక్టరు కట్ చెప్పి చప్పట్లు కొట్టాడు. అంతా హీరోయిన్ చుట్టూ చేరారు. చప్పట్లలో సగం తనవే అయినట్టు కాశీవిశ్వనాథం చెక్కపెట్టె మీద కూర్చుని మెరిసిపోతున్నాడు.

తర్వాత ఆయన చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్ళాడు. హీరోయిన్‌కు దాహం వేసింది. అటూ ఇటూ చూసి, లైట్లు మోసే మనిషి దగ్గరికి వెళ్ళి, బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించింది. పది క్షణాల కిందట అందరినీ ఏడిపించిన పిల్లకు మంచినీళ్ళు అడగడం రాలేదు. అది చూసి కౌసల్య చేతిలోని క్యారియరును గట్టిగా పట్టుకుంది.

తండ్రి తిరిగి వచ్చి, ఆ హీరోయిన్‌కు కూతుర్ని చూపించి, వచ్చీరాని హిందీలో గొప్పగా చెప్పాడు. "మా అమ్మాయి కూడా మీలాగేనమ్మా. ఒక్కసారి అందిస్తే చాలు, అప్పగించేస్తుంది."

హీరోయిన్ కౌసల్యను చూసి నవ్వింది. తనలాంటిదాన్నే చూసినట్టు నవ్వింది.

సెమినార్ సంగతి తెలిశాక కాశీవిశ్వనాథం ఊరుకుంటాడా. రోజూ సాయంత్రం రాజమ్మ గారి డాబా మీద రిహార్సల్ పెట్టాడు. కౌసల్య రాసుకున్న కాగితాలు మూడు రోజుల్లో ఆయనకు కంఠతా వచ్చాయి. ఆయన అందిస్తే ఆమె అప్పగించేది. ఎంత బాగా అప్పగించేదంటే కింద అంట్లు తోముకుంటున్న రాజమ్మ "మస్తు చెప్తున్నవు బిడ్డా" అని మెచ్చుకునేది. ఆయన మెట్లు దిగి వెళితే మాత్రం మాట ఆగిపోయేది.

అందుకని పగలు మంజులత దగ్గర వేరే అభ్యాసం మొదలుపెట్టింది. లైబ్రరీ మెట్ల మీద కూర్చుని చెప్పేది. మాట మధ్యలో ఆగితే మంజులత వేరుసెనక్కాయలు వలుచుకుంటూ కూర్చునేది గానీ పెదవి కదిపేది కాదు. ఆ ఆగడంలోనే తర్వాతి మాట ఉందని కౌసల్యకు మెల్లగా తెలిసింది. కొంచెం ఓర్చుకుంటే అదే వస్తుంది. మార్చి మొదటి వారానికి ఇరవై నిమిషాలూ తన మాటల్లో చెప్పింది. పదమూడు చోట్ల ఆగింది, పదమూడు చోట్లా తనే అందుకుంది.

"గింతే. ఆగుతవు, మల్ల చెప్తవు. ఫికర్ జెయ్యకు, ఎవ్వరన్న గట్లనే చెప్తరు" అంది మంజులత.

సెమినార్ ముందురోజు సాయంత్రం తండ్రితో ఒక మాట చెప్పాలనుకుంది కౌసల్య. రేపు నువ్వు రావద్దు నాన్నా. అంతే మాట. ఆయన భోజనం చేస్తుంటే ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, రేపు..."

"రేపు పదకొండింటికి కదా, తెలుసు తల్లీ."

"అది కాదు. నువ్వు..."

"నువ్వుంటే బాగుండేది అంటావు. ఏం చేయను, రేపు ఆ హీరోయిన్‌తో పాట ముందు సీను. ఫ్లైటు దిగి తిన్నగా లొకేషన్‌కే వస్తుంది" అని మజ్జిగ పోసుకున్నాడు. "పడుకునే ముందు ఒకసారి అప్పగించుకుందాంలే."

ఎలాగూ షూటింగుంది కదా అని కౌసల్య ఊరుకుంది. జీవితంలో ఒక్కసారి చెప్పాల్సిన మాటను అలా మింగేసింది. దానికి తగిన ఫలితం మర్నాడు అనుభవించింది, తండ్రి కూడా అనుభవించేలా చేసింది.

మర్నాడు బొంబాయి ఫ్లైటు రాలేదు. తొమ్మిదింటికల్లా పేకప్ చెప్పారు. కాశీవిశ్వనాథం ఇంటికి వెళ్ళలేదు. కంపెనీ వ్యాను మెహిదీపట్నం వెళుతుంటే ఎక్కాడు. అక్కడ బస్సు పట్టుకున్నాడు. షూటింగుకు వేసుకునే నల్లచొక్కాలోనే, లైటు పడ్డా కనపడకుండా ఉండే ఆ చొక్కాలోనే, క్లాసు వరండాలో కిటికీ పక్కన వచ్చి నిలబడ్డాడు.

కౌసల్య చూడలేదు. క్లాసు ముందు నిలబడి ఉంది. గొంతు స్థిరంగా ఉంది.

"పందొమ్మిది వందల ఎనిమిది సెప్టెంబరు నెలాఖరులో మూసీ పొంగింది. రెండు రోజులు ఎడతెగని వాన. మనం రోజూ బస్సులో దాటే వంతెనల మీదుగా నీళ్ళు పోయాయి" అని మొదలుపెట్టింది. ఇళ్ళు ఎలా కూలాయో చెప్పింది. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్న సంగతి చెప్పింది. వీరరాఘవయ్య గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ప్రభాకర్ ముందుకు వంగి వింటున్నాడు. మూడో బెంచీలో మంజులత కిందికి చూస్తూ నవ్వు దాచుకుంటోంది. ఐదు నిమిషాలు గడిచాయి.

అక్కడ కౌసల్య ఆగింది. మరిచిపోయి ఆగలేదు. చెట్టు మీది మనుషులు తెల్లారేదాకా కిందకి చూస్తూ ఉండి ఉంటారని అప్పుడే తోచింది, కాగితంలో లేని ఆ మాట చెప్పాలా వద్దా అని ఆగింది. ఒక సెకను. రెండు సెకన్లు.

కిటికీలోంచి గొంతు వచ్చింది. రాగం లేదు, భావం లేదు, గది చివరికి వినిపించేంత స్పష్టంగా ఉంది. "వరద తగ్గిన తర్వాత నగరంలో."

కౌసల్య నోరు "వరద తగ్గిన తర్వాత నగరంలో" అంది. ఆమె అనలేదు. నోరు అంది.

"అంటువ్యాధులు ప్రబలకుండా."

"అంటువ్యాధులు ప్రబలకుండా."

"నిజాం ప్రభుత్వం."

"నిజాం ప్రభుత్వం."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తలలు కిటికీ వైపు తిరిగాయి. పద్దెనిమిది మందిలో సగం మంది ఒక్కసారే నవ్వారు. "అయ్యయ్యో, డబ్బింగ్ నడుస్తున్నది సార్" అన్నాడు ప్రభాకర్. మంజులత ఒక్కతే నవ్వలేదు. కౌసల్య మాట ఆగిపోయింది. ఆగింది కదా అని కిటికీలోంచి మళ్ళీ అదే ముక్క వచ్చింది, ఈసారి ఇంకొంచెం గట్టిగా. నవ్వు పెద్దదయింది.

"ఎవరది?" అన్నారు వీరరాఘవయ్య గారు.

కాశీవిశ్వనాథం తలుపులోంచి లోపలికి వచ్చి చేతులు జోడించాడు. ఆయన మొహంలో తప్పు చేసిన భావమేమీ లేదు. పనిలో ఉన్న మనిషి మొహం అది.

"నమస్కారమండీ. అమ్మాయి తండ్రిని. దానికి అంతా వచ్చండీ, కంఠోపాఠం. కాస్త సిగ్గు, అంతే. నేను పక్కన నిలబడి ముక్క అందిస్తే గడగడా అప్పగించేస్తుంది. పదిహేను రోజులు రిహార్సల్ చేశామండీ ఇద్దరం."

"ఇది క్లాస్ అండీ. షూటింగ్ కాదు" అన్నారు ప్రొఫెసర్ గారు. "అమ్మాయ్, కాగితం చూడకూడదన్నాను. ఇది కాగితం కన్నా అన్యాయం. నేను ఇప్పుడేం చేయాలి చెప్పు?"

ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబు ఎక్కడినుంచి వస్తుందో అక్కడినుంచే వచ్చింది. తండ్రి కూతురి వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మళ్ళీ మొదటినుంచి చెబుతాను సార్, అను" అన్నాడు.

కౌసల్య పెదవులు కదిలాయి. సగం మాట దాకా వచ్చింది కూడా. అప్పుడు ఆమె పెదవులు గట్టిగా బిగించింది. గది నిశ్శబ్దమయింది. ఇంత మౌనాన్ని ఓర్చుకోవడం కాశీవిశ్వనాథం వల్ల కాలేదు. "మళ్ళీ మొదటినుంచి" అన్నాడు మళ్ళీ.

"సార్, మా నాన్నని బయటికి పంపించండి."

ఆ గొంతు అంతకుముందు ఆ గదిలో ఎవరూ వినలేదు. మంజులత కూడా వినలేదు. గట్టిగా, తొణక్కుండా, వెనక బెంచీ దాకా వెళ్ళింది.

"ఈయన పక్కనుంటే నాకు మాట రాదు సార్. చిన్నప్పటినుంచీ నన్ను మాట్లాడనివ్వలేదు. అందరూ సిగ్గరి అంటారు. నేను సిగ్గరిని కాను. నా పక్కన ఈయన ఉంటాడు, అంతే. షూటింగులో మాటలు రాని వాళ్ళకు అందించి, ఇంటికొచ్చి నన్ను కూడా వాళ్ళలో కలిపేశాడు. ముందు ఈయన్ని పంపించండి. అప్పుడు చెబుతాను."

ఒక్క చోటా ఆగలేదు. ఆగి ఉంటే మధ్యలో ఒక మాటైనా తగ్గేది.

ఎవరూ నవ్వలేదు. ప్రొఫెసర్ గారు కాశీవిశ్వనాథం వైపు చూసి, మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. కాశీవిశ్వనాథం జోడించిన చేతులు దించడం మరిచిపోయాడు. ఏదో అనబోయాడు. మూడేళ్ళ పిల్లకు అక్షరం అక్షరం అందించిన నాటినుంచి మాట కోసం వెతుక్కోవడం ఆయనకు అలవాటు లేదు. ఆ రోజు వెతుక్కున్నాడు, దొరకలేదు. "చిత్తం" అని గొణిగి, నల్లచొక్కా తలుపుకు రాసుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

కౌసల్య మొదలుపెట్టింది. నలభై నిమిషాలు చెప్పింది. చెట్టు మీది మనుషుల మాట చెప్పింది, కొట్టుకుపోయిన బస్తీల పేర్లు చెప్పింది, ఆ తర్వాత కట్టిన చెరువుల నీళ్ళే మనం ఈనాటికీ తాగుతున్నామని చెప్పింది. అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులిచ్చింది. ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడ దాచావమ్మా అన్నారు వీరరాఘవయ్య గారు. ఆ ఏడు ఆ క్లాసులో అంత బాగా ఎవరూ చెప్పలేదని హాల్ టికెట్ కాగితం మీద సంతకం పెడుతూ పైకే అన్నారు. ప్రభాకర్ వచ్చి, ఊరికే నవ్విన, ఏమనుకోకు అన్నాడు. క్యాంటీన్లో ఎవరో ఆమెకు టీ తెచ్చిపెట్టారు. ఆమె నోరు తెరిచి ఇంకో టీ కూడా అడిగింది. ఆమె కోరుకున్నవన్నీ ఒక్క పూటలో దొరికాయి. మంజులత మాత్రం పక్కన తల వంచుకుని టీ తాగింది. గ్లాసు కింద పెట్టి, "మీ నాయన బస్సుకు పైసలున్నయో లేవో అడగకపోతివి" అంది.

కాశీవిశ్వనాథం పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. చెప్పుల నిండా దుమ్ము. కౌసల్య అప్పటికి గంట క్రితమే వచ్చి వంటింట్లో కూర్చుంది. తల్లికి సంతకం సంగతి చెప్పింది, మిగిలింది చెప్పలేదు. రాజమ్మ కూడా శుభవార్త విని వచ్చి గడప మీద కూర్చుని ఉంది.

"ఏమండీ, షూటింగు లేదటగా, యూనివర్సిటీకి వెళ్ళారా?" అంది అమ్మాజీ. "ఎలా చెప్పింది మన పిల్ల?"

ఆయన తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. కడుక్కోవడం పూర్తయ్యాక చెప్పాడు.

"బాగా చెప్పింది. నేనున్నంతసేపూ ఒక్క ముక్క తడబడలేదు. వెనక బెంచీ దాకా వినపడింది."

అందులో ఎత్తిపొడుపు లేదు. పని తెలిసిన మనిషి పని చూసి చెప్పినట్టే చెప్పాడు. అదే కౌసల్యకు ఎక్కువ గుచ్చుకుంది.

"నేను చెప్పలే? నా ముంగటనే నేర్సింది" అని రాజమ్మ సంబరపడింది. "ఏం బిడ్డా, భయం గాలే?"

కౌసల్య తండ్రి వైపు చూసింది. కాశీవిశ్వనాథం తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. రాజమ్మ కాసేపు చూసి, పిల్ల అలిసిపోయిందనుకుని లేచి వెళ్ళింది.

ఆయన భోజనానికి కూర్చుంటే కౌసల్యే వడ్డించింది. అన్నం పెట్టింది, పప్పు వేసింది, గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పొద్దున్న అంత పొడుగున వచ్చిన మాటలు ఇప్పుడు ఒక్కటీ లేవు. తప్పయింది నాన్నా. రెండే మాటలు. నోరు తెరిచింది. గొంతు దాకా వచ్చి ఆగింది.

కాశీవిశ్వనాథం తల ఎత్తి చూశాడు. ముప్పై ఏళ్ళుగా తెరిచిన నోళ్ళను చూసినవాడు, ఏ నోట్లో ఏ మాట ఆగిపోయిందో ఆయనకు తెలియకుండా ఉండదు. ఒక సెకను చూశాడు. రెండు సెకన్లు, పది సెకన్లు చూశాడు. ఆయన పెదవులు కూడా కొంచెం కదిలాయి. కౌసల్య ప్రాణమంతా ఆ పెదవుల మీద పెట్టుకుని నిలబడింది.

ఆయన అందించలేదు. తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు.